నాలుగేళ్ల వాడకం తరువాత పీహెచ్‌పీఐపామ్: విశాఖలో ఒక బడి నెట్‌వర్క్ అనుభవం

విశాఖపట్నంలో మధురవాడ వైపున్న ఒక పాఠశాలలో కంప్యూటర్ ల్యాబుతో పాటు నెట్‌వర్క్ బాధ్యతను కూడా నేనే చూస్తున్నాను. ఐపీ అడ్రసుల (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే సంఖ్యల) లెక్కకు నాలుగేళ్లుగా మేము వాడుతున్నది పీహెచ్‌పీఐపామ్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు. ల్యాబులోంచి తీసేసిన ఒక పాత డెస్క్‌టాప్‌లో లినక్స్, అపాచీ వెబ్ సర్వరు, మరియాడీబీ డేటాబేసు వేసి దానిని నడుపుతున్నాం. దీని కోసం కొత్త యంత్రం కొనవలసిన అవసరం ఇంతవరకు రాలేదు.

అంతకుముందు ఈ లెక్క ఎక్సెల్ షీటులో ఉండేది. బడి మొత్తానికి 192.168.1.0/24 ఒక్కటే సబ్‌నెట్ (ఒక గుంపుగా వాడే అడ్రసుల వరుస), అందులో పరికరాలకు ఇవ్వగలిగినవి 254 అడ్రసులు. రెండో ల్యాబు, తరగతి గదుల్లో స్మార్ట్ బోర్డులు, వరండాల్లో సీసీ కెమెరాలు వచ్చేసరికి అవి చాలలేదు. వరుస ఎంత పెద్దదో చెప్పే మాస్కును /24 నుంచి /23 చేసి రెట్టింపు చేస్తే 192.168.2 వరుస కలిసివస్తుందని నేను అనుకున్నాను. కానీ /23 ఎప్పుడూ మూడో స్థానంలో సరిసంఖ్య దగ్గరే మొదలవుతుంది కనుక 192.168.1కి జతపడేది 192.168.0 మాత్రమే. అది సరిచేసుకున్నాక కూడా, ఆఫీసు ప్రింటర్లలో ఎప్పుడో చేత్తో పెట్టిన 255.255.255.0 (అంటే /24) మాస్కు అలాగే ఉండిపోయింది. కొత్త వరుసలోని కంప్యూటరు ప్రింట్ ఇస్తే, ఆ మాస్కు ప్రకారం అది బయటిదనుకుని ప్రింటరు తన జవాబును నేరుగా ఆ కంప్యూటరుకు కాక గేట్‌వేకు (వేరే నెట్‌వర్క్‌లకు దారి ఇచ్చే పరికరానికి) పంపేది, సంభాషణలో ఒక వైపునే చూసిన ఫైర్‌వాల్ దానిని ఆపివేసేది. పదో తరగతి హాల్ టికెట్లు తీయవలసిన రోజున ఈ కారణం పట్టుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. చేత్తో అడ్రసు పెట్టిన పరికరాలేవో ఒకచోట నమ్మకంగా రాసి ఉంటే అది పది నిమిషాల పని.

ఆ వేసవి సెలవుల్లోనే 10.20.0.0/16 అనే పెద్ద వరుస తీసుకుని, ల్యాబులకు 10.20.10.0/24, ఆఫీసుకు 10.20.20.0/24, కెమెరాలకు 10.20.30.0/24, వైఫైకి 10.20.40.0/22 అని విడదీసి, ఒక్కోదానికి ఒక్కో వీల్యాన్ (అవే స్విచ్‌లపై విడిగా నడిచే నెట్‌వర్క్) ఇచ్చాం. సబ్‌నెట్లను చెట్టు కొమ్మల్లా ఒకదాని కింద ఒకటి చూపడం, అడ్రసులను చిన్న గడులుగా పరిచి ఖాళీవి, నిండినవి రంగులతో తెలియజేయడం ఈ సాఫ్ట్‌వేరులో నాకు అన్నిటికంటే ఉపయోగపడ్డాయి. వైఫై పక్కన 10.20.44 నుంచి 47 వరకు ఎవరికీ ఇవ్వకుండా అట్టేపెట్టాను. రేపు 1022 అడ్రసులు చాలకపోతే మాస్కును /21 చేస్తే 2046 అవుతాయి, ఉన్నవాటి అడ్రసులు మార్చనక్కరలేదు. ఇలాంటి ముందుచూపు ఎక్సెల్ వరుసల్లో నాకు ఎన్నడూ తట్టలేదు, ఖాళీ స్థలం కంటికి కనబడితేనే తట్టింది.

అయితే కొత్తగా వాడేవారు ఒక విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. ఇది పింగ్ చేసి (అడ్రసును పలకరించి జవాబు వస్తుందేమో చూసి) ఏ అడ్రసు వాడుకలో ఉందో కనుక్కుంటుంది, కానీ విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కు జవాబివ్వకపోవడం మామూలే, ఆపేసి ఉన్న యంత్రం సంగతి చెప్పనే అక్కరలేదు. అలా ఖాళీగా కనిపించిన అడ్రసును నేను ఒక స్మార్ట్ బోర్డుకు ఇచ్చాను. సోమవారం ఉదయం అకౌంట్స్ గదిలోని కంప్యూటరు తెరిచేసరికి ఐపీ కాన్‌ఫ్లిక్ట్ (ఒకే అడ్రసు రెండు పరికరాలకు పడడం) వచ్చింది, ఫీజులు కట్టడానికి వచ్చిన తల్లిదండ్రులు వరుసలో నిలబడవలసి వచ్చింది. పింగ్‌కు పలకని యంత్రం కూడా ఆన్‌లో ఉంటే తన నెట్‌వర్క్‌లో ఏఆర్‌పీకి (ఈ అడ్రసు ఎవరిదని అడిగే ప్రశ్నకు) పలకక తప్పదు. అందుకని ఇప్పుడు ప్రధాన స్విచ్‌లోని ఏఆర్‌పీ పట్టికను ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ పరికరాల సమాచారం అడిగి తెచ్చే పద్ధతి) ద్వారా తెప్పించి సరిచూశాకే అడ్రసు ఇస్తున్నాను.

ఇది అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వరు కాదు, లెక్క రాసుకునే పుస్తకం. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి అసలు మ్యాక్ (పరికరపు హార్డ్‌వేరు సంఖ్య) బదులు మారుపేరు మ్యాక్ చూపుతున్నాయి కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా ఇందులో రాయడం వృథా శ్రమ. వైఫై సబ్‌నెట్‌కు మొత్తం వాడకం మాత్రమే చూసుకుంటాను. విండోస్ సర్వరులో మామూలుగా 8 రోజులుండే లీజును (ఒక అడ్రసును ఒక పరికరానికి కేటాయించి ఉంచే గడువును) అతిథుల వైఫైకి 4 గంటలకు తగ్గించాక, తల్లిదండ్రుల సమావేశం రోజున అడ్రసులు అయిపోవడం ఆగింది.

ఇలాంటిదే అయిన నెట్‌బాక్స్‌ను కూడా కొన్నాళ్లు పెట్టి చూశాను. ర్యాకులు, కేబుళ్ల వరకు రాసుకోగల గట్టి సాధనమది, కానీ అది తనంతట తాను నెట్‌వర్క్‌ను స్కాన్ చేయదు, పోస్ట్‌గ్రెస్, రెడిస్ అనే డేటాబేసులు కూడా నడపాలి. ఒక్క మనిషే చూసుకునే బడికి పీహెచ్‌పీఐపామే నయమని నా అభిప్రాయం. ఇరవై, ముప్పై పరికరాలే ఉన్న చిన్న బడికి మాత్రం ఇదీ అక్కరలేదు, శ్రద్ధగా రాసిన షీటు చాలు.

పెట్టుకునేవారు డేటాబేస్ బ్యాకప్‌ను తప్పకుండా వేరే యంత్రంలో ఉంచాలి. మేము రోజూ రాత్రి తీసే బ్యాకప్‌తో పాటు, నెలకోసారి సబ్‌నెట్ల పట్టికను కాగితం మీద ముద్రించి స్విచ్ ర్యాకు తలుపు లోపల అంటిస్తున్నాం. ఆ డెస్క్‌టాపే మొరాయించిన రోజున ల్యాబు సహాయకుడు గేట్‌వే అడ్రసు చూసుకున్నది ఆ కాగితంలోనే.