బెర్లిన్‌లో ఏడేళ్లు: రైలు పటంలో మిగిలిన గోడ

2018 చివర్లో ఉద్యోగరీత్యా బెర్లిన్ వచ్చి, నగరానికి ఉత్తరాన ఉన్న వెడ్డింగ్ ప్రాంతంలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. కారు కొనవలసిన అవసరం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కలగలేదు. మన ఊళ్ల నుంచి వచ్చిన బంధువులను, స్నేహితులను పది పన్నెండు సార్లు నగరమంతా తిప్పాను కనుక, ఇక్కడ ఏది చూడదగినదో, ఏది డబ్బు దండగో కొంత ధైర్యంగానే చెప్పగలను. కేవలం అందం కోసమే అయితే బెర్లిన్ దాకా రానక్కరలేదు. ప్రాగ్, వియన్నా నగరాల సొగసు దీనికి లేదు. ఈ నగరం 28 ఏళ్లు మధ్యలో గోడతో తూర్పు, పశ్చిమ బెర్లిన్‌లుగా చీలి బతికింది. ఆ చీలిక ఎక్కడ పడిందో, తర్వాత ఎలా అతుక్కుందో మ్యూజియాల కంటే రోజూ ఎక్కే రైళ్లలోనే నాకు బాగా అర్థమైంది.

నేను ఆఫీసుకు వెళ్లేది యూ-6 అనే భూగర్భ రైలులో. 1961 ఆగస్టు 13న సరిహద్దు మూసుకున్న తర్వాత, ఉత్తర దక్షిణాలుగా నడిచే ఈ మార్గానికి రెండు కొసలూ పశ్చిమ బెర్లిన్‌లో, నడిమి భాగం తూర్పు బెర్లిన్ కింద ఉండిపోయాయి. రీనికెన్‌డోర్ఫర్ ష్ట్రాస్సె రాగానే పశ్చిమ బెర్లిన్‌లో ఇదే చివరి స్టేషన్ అని ప్రకటన చేసేవారట. ఆ తర్వాత సాయుధ కాపలాదారులు తప్ప మనిషన్నవాడు కనిపించని మసక వెలుతురు స్టేషన్ల గుండా రైలు ఆగకుండా సాగిపోయేది. మధ్యలో ఒక్క ఫ్రీడ్రిష్ ష్ట్రాస్సెలో మాత్రం ఆగేది. రైలు ఆగని ఆ స్టేషన్లకు జనం పెట్టిన పేరు దయ్యాల స్టేషన్లు. ఇప్పుడు అవే స్టేషన్లలో విద్యార్థులు కాఫీ కప్పులు పట్టుకుని ఎక్కి దిగుతుంటారు. ఈ కథ తెలిశాక, ఆ సొరంగంలో ఫోను చూడటం నాకు చేతకాలేదు.

అందుకే ఎవరు వచ్చినా ముందుగా నార్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్‌కు తీసుకెళ్తాను. దయ్యాల స్టేషన్ల గురించిన ప్రదర్శన అక్కడ స్టేషన్‌లోనే ఉంది, రుసుము లేదు. బయటికి వస్తే బెర్నావర్ ష్ట్రాస్సె వీధిలోని బెర్లిన్ గోడ స్మారకం మొదలవుతుంది, దానికీ రుసుము లేదు. ఒకప్పటి సరిహద్దు తనిఖీ కేంద్రం చెక్‌పాయింట్ చార్లీ దగ్గర నకలు కాపలా గుడిసె ముందు ఫోటోల కోసం తోసుకోవడం కంటే ఇక్కడ గంటసేపు నడవడం వెయ్యి రెట్లు మేలు. ట్రామ్ పట్టాలు కూడా ఇదే కథను మరోలా చెబుతాయి. పశ్చిమ బెర్లిన్ 1967లో తన చివరి ట్రామ్‌ను ఆపేసింది, తూర్పు బెర్లిన్ ఆపలేదు. అందువల్ల ఈనాటికీ ట్రామ్‌లు చాలావరకు తూర్పు భాగంలోనే కనిపిస్తాయి. 1989 నవంబర్ 9 రాత్రి సరిహద్దులో మొట్టమొదట తెరుచుకున్న బోర్న్‌హోల్మర్ వంతెన మీదుగా 1995 నుంచి ట్రామ్ తిరిగి పశ్చిమానికి వస్తోంది. మా ఇంటి సరుకులు ఎక్కువగా ఆ ట్రామ్‌లోనే వస్తాయి.

ఇక టికెట్ల సంగతి. హైదరాబాద్ మెట్రోలో ఉన్నట్టు ఇక్కడ గేట్లు ఉండవు. ఎవరైనా నేరుగా లోపలికి నడిచి వెళ్లిపోవచ్చు. కొత్తవారు మోసపోయేది ఇక్కడే. యంత్రంలో కొన్న కాగితపు టికెట్‌పై ప్లాట్‌ఫారం దగ్గరున్న చిన్న పెట్టెలో తేదీ, సమయం ముద్ర పడకపోతే అది చెల్లదు. మా నాన్నగారు టికెట్‌ను భద్రంగా చొక్కా జేబులో పెట్టుకుని కూర్చున్నారు. మామూలు దుస్తుల్లో ఉన్న తనిఖీదారు వచ్చి 60 యూరోల జరిమానా రాశాడు. “టికెట్ కొన్నవాడికి కూడా జరిమానా ఏమిట్రా?” అని ఆయన ఇప్పటికీ అడుగుతుంటారు. తప్పు మాత్రం ముందుగా చెప్పని నాదే.

టికెట్ల కోసం నగరం, దాని చుట్టుపక్కల ప్రాంతాలు కలిపి ఏ, బీ, సీ అని మూడు మండలాలు. ఎస్-41, ఎస్-42 రైళ్లు తిరిగే 37 కిలోమీటర్ల వలయం లోపలిది ఏ. 2020 అక్టోబర్‌లో ఎట్టకేలకు తెరుచుకున్న విమానాశ్రయం, ప్యాలెస్‌ల పట్టణం పోట్స్‌డామ్ రెండూ సీలోకి వస్తాయి కనుక, అక్కడికి ఏబీ టికెట్ చాలదు. దేశమంతటా స్థానిక రైళ్లు, బస్సుల్లో చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మేలో 49 యూరోలతో మొదలై 2026 జనవరిలో 63కు పెరిగినా, పది రోజులు దాటి ఉండేవారికి అదే లాభం. అయితే అది దానంతట అదే కొనసాగే చందా. ఆ నెల 10వ తేదీలోగా రద్దు చేసుకోకపోతే తర్వాతి నెల డబ్బు కూడా పోతుంది.

చూడదగిన వాటికి నా మొదటి ఓటు 100వ నంబరు బస్సుకు. జూ స్టేషన్ దగ్గర రెండంతస్తుల బస్సెక్కి, పైఅంతస్తులో ముందు సీటు పట్టుకుంటే, విజయ స్తంభం, పార్లమెంటు భవనమైన రైష్‌టాగ్, బ్రాండెన్‌బుర్గ్ ద్వారం పరిసరాలు, ఉంటర్ డెన్ లిండెన్ వీధి అన్నీ చూసుకుంటూ మామూలు టికెట్‌తోనే అలెక్సాండర్‌ప్లాట్స్ చేరవచ్చు. 368 మీటర్ల టీవీ టవర్ ఎక్కడానికి పెట్టే ఖర్చు నాకు నచ్చలేదు. నార్మన్ ఫోస్టర్ రూపొందించిన రైష్‌టాగ్ గాజు గుమ్మటం ఉచితం, కాకపోతే పేర్లు ముందే నమోదు చేసుకోవాలి. పెర్గమన్ మ్యూజియం 2023 అక్టోబర్ నుంచి మరమ్మతుల కోసం పూర్తిగా మూతపడింది. పాత పర్యాటక పుస్తకాలు చూసి దాని కోసమే వచ్చిన మా పెదనాన్నగారు ఎంతో నిరాశపడ్డారు. పక్కనే నోయెస్ మ్యూజియంలో ఈజిప్టు రాణి నెఫర్టిటి శిల్పం ముందు అరగంట నిలబడ్డాక కాస్త కుదుటపడ్డారు.

లోటుపాట్లు లేకపోలేదు. వారాంతాల్లో పట్టాల పనులంటూ రైళ్లు ఆపి బస్సులు నడుపుతారు. ఆ బస్సు ఎక్కడ ఆగుతుందో వెతుక్కునేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. లిఫ్టులు తరచుగా పాడవుతాయి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను రెండు సార్లు మెట్ల మీదుగా మెల్లగా పైకి తీసుకురావలసి వచ్చింది. పెద్దవాళ్లతో బయలుదేరేటప్పుడు లిఫ్టు పనిచేస్తోందో లేదో ముందుగా చూసుకోవడం ఆనాటి నుంచి అలవాటైంది. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి. పాలూ పెరుగూ శనివారమే తెచ్చుకోవాలి, లేదంటే ప్రధాన రైల్వే స్టేషన్‌లోని దుకాణాలకు పరుగెత్తాలి.

అమ్మకు ఈ నగరంలో నచ్చింది మాత్రం రైలూ కాదు, రాజభవనమూ కాదు. వాన్‌జే స్టేషన్ దిగి కొద్దిగా నడిస్తే ఎఫ్-10 అనే పడవ ఉంటుంది. సరస్సు మీదుగా క్లాడో ప్రాంతానికి ఇరవై నిమిషాలు; దానికీ ఏబీ టికెట్టే చాలు. గాలికి కొంగు తలచుట్టూ కప్పుకుని, అవతలి ఒడ్డు చేరాక దిగకుండా, “ఇదే టికెట్‌తో మళ్లీ వెనక్కి పోవచ్చా?” అని అడిగింది. కుదరదు, ఆ టికెట్ ఒకవైపు ప్రయాణానికే. రెండోది కొని, ఈసారి నేనే ముద్ర వేయించి ఆమె చేతిలో పెట్టాను.