62 మందికి విడిది: శ్రీకాకుళం దగ్గర మా అప్ప కూతురి పెళ్లికి గదులు వెతికిన సంగతులు

పెళ్లి చిన్నదే. కల్యాణ మండపం వద్దు, బ్యాండు వద్దు, పెరట్లో మామిడిచెట్ల పక్కన పందిరి వేస్తే చాలని మా అప్ప (అక్క) కూతురు ముందే చెప్పేసింది. పెళ్లికొడుకుదీ అదే మాట. ఊరు శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం వెళ్లే దారిలో, పట్నానికి దగ్గరే. భోజనాలకు నూటయాభై మంది. అందులో బయటి నుంచి వచ్చి రాత్రి ఉండాల్సినవాళ్లు 62 మంది: రాజమండ్రి నుంచి మగపెళ్లివారు 34, బెంగళూరు, హైదరాబాదుల నుంచి పిల్లల స్నేహితులు 18, బరంపురం, పర్లాకిమిడి నుంచి మా చుట్టాలు 10. వీళ్లకి విడిది చూసే పని నాకు అప్పజెప్పారు. "విజయనగరంలోనే ఉన్నావు కదమ్మా, పొద్దున్న బస్సెక్కితే టిఫిన్ వేళకి వచ్చేస్తావు. ఎక్కడ బాగుంటే అక్కడ సూసిపెట్టు" అన్నాడు బావ. అలా మూడుసార్లు తిరిగాను.

మొదటిసారి వెళ్లినప్పుడు గది చూడకుండానే తిరిగొచ్చాను. పంతులుగారు ముందు పెట్టిన ముహూర్తం మాఘమాసంలో, రథసప్తమికి సరిగ్గా మర్నాడు. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి శ్రీకాకుళం పట్నంలో భాగమే. రథసప్తమికి ముందు రోజు రాత్రి నుంచే జనం వరసల్లో నిలబడి ఉంటారు. లాడ్జిలో కౌంటరు దగ్గరున్న పెద్దాయన డైరీ కూడా తెరవలేదు. "ఆ రెండ్రోజులూ అడక్కండమ్మా, వరండాల్లో కూడా పడుకుంటారు" అన్నాడు. ఆ సాయంత్రమే అప్పని పంతులుగారింటికి పంపాను. ఫాల్గుణంలో శుక్రవారం పొద్దున్న 9 గంటల 40 నిమిషాలకి ఇంకో ముహూర్తం దొరికింది. శ్రీకాకుళంలో పెళ్లి పెట్టుకునేవాళ్లు శుభలేఖలు అచ్చుకి ఇచ్చేముందే రథసప్తమి ఎప్పుడో చూసుకోండి. విజయనగరంలో అయితే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగే మంగళవారం, దాని ముందు రోజు తొలేళ్లు. దసరా వెళ్లగానే వచ్చే ఆ రోజుల్లో ఊళ్లో గది దొరకడం కష్టం.

ముహూర్తం పొద్దున్నపూట అయ్యేసరికి లెక్క మారింది. మంగళస్నానాలు అయ్యి, మగపెళ్లివారి బస్సు ఏడుంపావుకల్లా విడిదిలో బయల్దేరాలి. గదికి ముగ్గురు, మనిషికి ఇరవై నిమిషాలు వేసుకున్నా గంట. చీరలు కట్టుకోవడాలు, జడలు, పిల్లలు కలిపితే ఇంకో ముప్పావుగంట. అంటే ఐదున్నరకి కుళాయిలో వేడినీళ్లు రావాలి. ఆ తర్వాత ఏ లాడ్జికి వెళ్లినా పరుపూ టీవీ చూడ్డం మానేసి ఈ ఒక్క మాటే అడిగాను: "తెల్లారగట్ల ఐదున్నరకి అన్ని గదుల్లో ఒకేసారి వేడినీళ్లు వస్తాయా?"

ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల ఐదు లాడ్జిలు చూశాను. అక్కడ మంచి ఏమిటంటే కిందకి దిగితే టిఫిను, మందుల షాపు, పూలు, ఆటో అన్నీ దొరుకుతాయి. బస్సు దిగినవాళ్లు నడిచి వచ్చేయొచ్చు. చెడ్డ ఏమిటంటే నాలుగింటికే బస్సుల హారన్లు మొదలవుతాయి. రోడ్డు వైపు గదిలో పెద్దవాళ్లకి నిద్ర ఉండదు. ఒక లాడ్జి పేరుకి కొత్తది, గోడలకి ఇంకా రంగు వాసన, కానీ లిఫ్టు పనిచేయడం లేదు, మాకు ఇస్తామన్న గదులు మూడో అంతస్తులో. పెళ్లికొడుకు నాయనమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇంకొకచోట సోలార్ నీళ్లు. తెల్లారగట్ల అందరికీ చాలినంత వేడిగా వస్తాయన్న నమ్మకం కలగలేదు. బైపాస్ రోడ్డు వైపు ఒక పెద్ద హోటల్ చూశాను, గదులు చాలా బాగున్నాయి, గది గదికీ గీజరు ఉంది. కానీ చుట్టూ ఏమీ లేదు. రాత్రి పదింటికి బిడ్డకి పాలు కావాలన్నా కారు తియ్యాలి.

చివరికి పెద్దరోడ్డు వెనక సందులో ఉన్న ఒక పాత లాడ్జి ఖాయం చేశాను. రెండే అంతస్తులు, లిఫ్టు ఉంది, గీజర్లు ఉన్నాయి. కింద హాలులో మనవాళ్లు వంట తెచ్చి పెట్టుకోవచ్చన్నారు. అదే నాకు బాగా నచ్చింది. విడిది అన్నాక పొద్దున్నే కాఫీ, ఇడ్లీ, ఉప్మా మన చేత్తో వడ్డించాలి. టోకెన్లు చేతిలో పెట్టి హోటల్‌కి పొమ్మంటే మగపెళ్లివారికి ఎలా ఉంటుంది? 12 గదులకి అడ్వాన్సు కట్టాను. 24 గంటల లెక్క అన్నారు. కొన్నిచోట్ల మధ్యాహ్నం 12కి ఖాళీ చెయ్యాలంటారు. అప్పుడు పెళ్లి భోజనాలు వదిలేసి ఎవరో ఒకరు సామాన్లకి పరిగెత్తాలి. గురువారం సాయంత్రం దిగేవాళ్లకి 24 గంటలే మేలు.

స్టేషను సంగతి దూరం నుంచి వచ్చేవాళ్లు ముందే తెలుసుకోవాలి. శ్రీకాకుళం పట్నంలో రైల్వే స్టేషను లేదు. దిగాల్సింది "శ్రీకాకుళం రోడ్", అది ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి పట్నం పన్నెండు పదమూడు కిలోమీటర్లు. టిక్కెట్టు మీద దాని కోడ్ సీహెచ్‌ఈ అని ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు ఈ ఊరిని చికాకోల్ అని పిలిచిన రోజుల గుర్తు అది. బెంగళూరు కుర్రాడొకడు ఆ అక్షరాలు చూసి చెన్నై టిక్కెట్టు వచ్చిందేమోనని కంగారుపడి ఫోన్ చేశాడు. స్టేషను దగ్గర కూడా బసలు అడిగి చూశాను. రాత్రి రైలు దిగి తెల్లవారే దాకా నడుం వాల్చేవాళ్లకి పనికొస్తాయి, కుటుంబాలకి చెప్పను. హైదరాబాదు నుంచి నేరుగా టిక్కెట్టు దొరకనివాళ్లు విశాఖ దాకా రైల్లో వచ్చి, కాంప్లెక్స్‌లో నాన్‌స్టాప్ బస్సెక్కడమే సులువు. రెండున్నర గంటల్లో శ్రీకాకుళంలో దిగుతారు.

ఆ 18 మంది స్నేహితులకి ఎక్కడ చూడాలని ఆలోచిస్తుంటే అప్ప కూతురే కళింగపట్నం అంది. వంశధార నది సముద్రంలో కలిసేచోటు అది. ఒకప్పటి ఓడరేవు. లైట్‌హౌస్ ఇప్పటికీ ఉంది. అక్కడ తీరానికి దగ్గరలో ఆరు గదులున్న బస ఒకటి చూశాం. గాలికి తలుపులు కొట్టుకుంటున్నాయి. ఉప్పుగాలికి కుళాయిలు తుప్పు పట్టాయి. బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉన్నాయి, జుట్టుకి సబ్బు నురగే రాలేదు. నేనైతే వద్దనేదాన్ని. "పిన్నీ, వాళ్లు రాత్రంతా పడుకోరు. కూర్చుని మాట్లాడుకోడానికి చోటు ఉంటే చాలు" అంది. అదే నిజమైంది. వాళ్లకి ఇసక తిన్నెలు, చేపల పులుసు, పొద్దున్నే సూర్యోదయం కావాలి. ఆ మూడూ అక్కడ దొరికాయి. పట్నంలో మంచి గది ఇచ్చి ఉంటే ఇంత సంతోషపడేవారు కాదు. తాగడానికి 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఎనిమిది పంపాం. నది కలిసేచోట నీళ్ల లాగుడు ఎక్కువ, పైకి తెలియదు. ఈత వచ్చినా అక్కడ దిగొద్దని బావ వెళ్లి ఒక్కొక్కరికీ చెప్పి, ఊరి జాలరి కుర్రాడొకణ్ణి రెండ్రోజులు వాళ్లతో ఉంచాడు. ఈ జాగ్రత్త మానకండి.

పెళ్లి మర్నాడు వాళ్లంతా శాలిహుండం కొండెక్కారు. వంశధార ఒడ్డున, కొండ మీద ఇటుకల స్తూపాలు, బౌద్ధుల నాటివి. పైనుంచి నది మెలిక తిరిగి వెళ్లడం కనబడుతుంది. కళింగపట్నంలో దిగినవాళ్లకి అది పక్కనే. అటునుంచి శ్రీకూర్మం. విష్ణువుని కూర్మరూపంలో కొలిచే గుడి అది. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకని తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్ల దగ్గర పిల్లలు గంటసేపు కదల్లేదు. అరసవల్లికి మాత్రం శనివారమే వెళ్లమన్నాను. ఆదివారం సూర్యుడి వారం, దర్శనానికి చాలాసేపు పడుతుంది.

బరంపురం, పర్లాకిమిడి చుట్టాలని గదుల్లో పెట్టాలని అప్పకి లేదు. "మనోళ్లని లాడ్జిలో ఎడతావేటే? ఊళ్లో ఇళ్లు లేవా?" అంది. ఎదురింటివారు, పక్కింటివారు ఒక్కో గది ఇచ్చారు. షామియానా వాళ్ల దగ్గరే పరుపులు, దిండ్లు, దుప్పట్లు అద్దెకి తీసుకున్నాం. దుప్పట్లు ముందు రోజే తెప్పించి ఎండలో వేశాం. అద్దె దుప్పట్లు తిన్నగా వాడితే పెళ్లంతా దగ్గులే. రెండిళ్లకీ కలిపి మూడే స్నానాలగదులు, అందుకని పెరట్లో తడికలతో ఇంకో రెండు కట్టించి, కట్టెల పొయ్యి మీద పెద్ద కాగుతో నీళ్లు కాయించాం. ఆ నీళ్లు మాత్రం తెల్లారగట్ల నాలుగింటి నుంచి ఎంతమందికైనా సరిపోయాయి.

గురువారం సాయంత్రం నేను భయపడింది జరిగింది. మగపెళ్లివారి బస్సు పట్నం చేరుతుండగా లాడ్జి నుంచి ఫోను: 12 గదుల్లో రెండు ఖాళీ కాలేదు, పది మాత్రమే ఇస్తామని. నా దగ్గరున్న రసీదులో "12 గదులు, అడ్వాన్సు ముట్టింది" అని మాత్రమే ఉంది. గది నంబర్లు లేవు, దిగే టైము లేదు. గట్టిగా అడిగితే డబ్బు తిరిగిచ్చారు తప్ప గదులు రాలేదు. ఎదురుకోలుకి పళ్లేలు పట్టుకుని నిలబడినవాళ్లం, ఎంత ఇబ్బంది! పెళ్లికొడుకు తాతగారు, నాయనమ్మగారితో పాటు ఇంకో నలుగుర్ని ఊళ్లోకే తీసుకొచ్చి అప్ప వాళ్ల ముందుగదిలో, ఎదురింట్లో సర్దాం. "పరవాలేదమ్మా, పందిరి పక్కనే పడుకుంటాం, పొద్దున్నే బస్సు గొడవ ఉండదు" అన్నారా పెద్దాయన. ఆ మాటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయనమ్మగారు మా కాగు నీళ్లతోనే స్నానం చేసి, అందరికంటే ముందు తయారై పందిట్లో కూర్చున్నారు.

రవాణాకి 26 సీట్ల మినీబస్సు ఒకటి, రెండు కార్లు పెట్టాం. పెద్ద బస్సు వద్దని చెప్పడం మంచిదైంది, మా ఊరి మలుపులో అది తిరగదు. రెండు ట్రిప్పులు వెయ్యాల్సి వచ్చింది, మొదటిది ఆరూముప్పావుకి. డ్రైవరు ఎక్కడ పడుకుంటాడు, ఏం తింటాడు అన్నది కూడా విడిది లెక్కలోనే వెయ్యాలి. రాత్రంతా సీట్లో కునికినవాడి చేతిలో తెల్లారి మన మనుషుల్ని పెడతామా?

భోజనాల గురించి ఎక్కువ చెప్పను. బూరెలు, పులిహోర, లేత పనసకాయ కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు. వంటవాళ్లు ఊరివాళ్లే. ఎవరికీ తక్కువ కాలేదు. ఇచ్చి పంపినవి మాత్రం ఆలోచించి చేశాం. ప్లాస్టిక్ డబ్బాలు వద్దని, పలాస జీడిపప్పు పావుకిలో పొట్లాలు అందరికీ, పెళ్లికొడుకు తరఫు పెద్దవాళ్లకి పొందూరు ఖద్దరు కండువాలు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి వడుకుతారు. ఆ ముళ్లలాంటి పళ్లే అక్కడి దువ్వెన. కండువా భుజాన వేసుకున్నాక ఈ మాట చెబితే రాజమండ్రి పెద్దమనుషులు దాన్ని మళ్లీ తీసి, వేళ్లతో తడిమి చూసుకున్నారు. తాతగారికి ఇంకొకటి బుడితి ఇత్తడి చెంబు. మా జిల్లా పనివాళ్ల చేతిపని.

వైశాఖంలో మా తమ్ముడి కొడుకు పెళ్లి, ఈసారి విజయనగరంలో. స్టేషను ఊళ్లోనే ఉంది, పైగా జంక్షను, రాయపూర్ వైపు నుంచి వచ్చేవాళ్లూ ఇక్కడే దిగుతారు. ఆమదాలవలస నుంచి ఆటోలు మాట్లాడిన బాధ ఈసారి లేదు. ఎండలు కాబట్టి వేడినీళ్ల ప్రశ్న పోయి కరెంటు ప్రశ్న వచ్చింది. కరెంటు పోతే జనరేటరు మీద ఏసీలు నడుస్తాయా, ఫ్యాన్లు మాత్రమేనా? కోట దగ్గర ఒకటి, గంటస్తంభం వైపు రెండు చూశాను. రెండింట్లో ఫ్యాన్లే అన్నారు. మూడోదానిలో ఏసీలు కూడా నడుస్తాయన్నారు, గుమ్మానికి మూడే మెట్లు, లిఫ్టు ఉంది. నిన్న మెయిన్ స్విచ్ ఆపించి, జనరేటరు వేయించి, పావుగంట గదిలో కూర్చుని చూశాను. చల్లగానే ఉంది. రేపు అడ్వాన్సు కట్టి, తొమ్మిది గదుల నంబర్లూ, దిగే టైమూ రసీదు మీద రాయించుకుని వస్తాను.