కీబోర్డా, వీణా, వయొలినా? చీపురుపల్లి అమ్మాయికి ఏది మేలు?

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. ఉండేది చీపురుపల్లిలో. బొమ్మలు వేస్తుంది, రెండు రోజులకోసారి డైరీ రాస్తుంది, మిగిలిన సమయమంతా పాటలే. ఒక పాట నచ్చిందంటే ఫోనులో వేగం సగానికి తగ్గించి, ఒక్కో ముక్కనూ వెనక్కి తిప్పి తిప్పి, నోటికి వచ్చేదాకా వదలదు. అమ్మమ్మ దగ్గర కూర్చుంటే పి. సుశీల పాటలు పాడుతుంది, తన గదిలోకి వెళ్తే ఎ.ఆర్. రెహమాన్. ఈ ఇద్దరికీ ఆమె లోకంలో తగువేమీ లేదు.

మొన్న పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చినప్పుడు అడిగింది: "మామయ్యా, ఏదైనా వాయిద్యం నేర్చుకోవాలి. కీబోర్డా, వీణా, వయొలినా? ఏది మేలు?"

నేను నోరు తెరిచేలోగా అక్క చెప్పేసింది. "కీబోర్డే. డిసెంబరులో బడి వార్షికోత్సవం ఉంది. ఆలోగా ఒక్క పాటైనా వాయించగలగాలి కదా."

నేను విద్వాంసుణ్ణి కాను. చిన్నప్పుడు నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకుని, వర్ణాలనే పాఠాల దగ్గర ఆగిపోయి, ఉద్యోగం పేరు చెప్పి మానేసినవాణ్ణి. ఆ వయొలిన్ ఇంకా అటక మీదే ఉంది. పక్కింట్లో కీబోర్డు ఉంది. కాలేజీ రోజుల నాటి స్నేహితుడి ఇంట్లో బొబ్బిలి వీణ ఉంది. వాదించుకోవడం ఎందుకని, ఒక్క రోజులో మూడింటి ముందూ అమ్మాయిని కూర్చోబెట్టాను. మూడు చోట్లా పరీక్ష ఒకటే. ఆధార స్వరాన్ని ఆపకుండా పలికించే శ్రుతి పెట్టె పెట్టి, నేను 'పా', అంటే సరిగమపల్లో ఐదో స్వరం, పాడతాను. అది వాయిద్యంలో ఎక్కడుందో తను పట్టుకోవాలి.

కీబోర్డు మీద నాలుగు సెకన్లు పట్టింది. రెండు మీటలు తప్పు నొక్కింది, మూడోది సరిపోయింది. అంత తొందరగా పలికే వాయిద్యం ఇంకొకటి లేదని ఒప్పుకోవాలి. వేలు పెడితే చాలు, శుద్ధమైన స్వరం వస్తుంది. మొదటి రోజు పిల్లవాడు నొక్కినా, ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నవాడు నొక్కినా ఆ మీట పలికే స్వరం ఒక్కటే. ఇయర్‌ఫోన్లు తగిలించుకుంటే రాత్రి పదింటికి కూడా సాధన చేయవచ్చు, మేడ మీద ఉన్న ఇంటివాళ్లు కిందికి దిగిరారు. ఒక చేత్తో పాట, ఇంకో చేత్తో దానికి తోడుగా రెండు మూడు స్వరాలు కలిపి నొక్కడం అలవాటైతే పాట ఎలా కట్టారో లోపలి నుంచి అర్థమవుతుంది. సొంతంగా బాణీలు కట్టాలన్న కోరిక ఉన్న పిల్లలకు ఇది చిన్న లాభం కాదు. రెహమాన్ కూడా సంగీత దర్శకుడు కాకముందు ఇళయరాజా బృందంలో కీబోర్డు వాయించినవాడే. ఆ సంగతి మా అమ్మాయికి నాకంటే ముందే తెలుసు.

ఇక లోటు. కీబోర్డులో ఒక స్థాయికి పన్నెండే మీటలు. ఒక మీటకూ దాని పక్క మీటకూ మధ్య ఏమీ లేదు, గోడ ఉంది. మన రాగాలేమో ఆ గోడ ఉన్నచోటే తిరుగుతాయి. తోడి రాగంలో గాంధారం, అంటే 'గ', ఒక్కచోట నిలబడి పలకదు, ఊగుతుంది. ఆ ఊపు తీసేస్తే స్వరాలన్నీ ఉంటాయి, తోడి మాత్రం ఉండదు. మోహనం, హంసధ్వని లాంటి రాగాలు కొంత సర్దుకుంటాయి. ఈ గొడవ కొత్తదేమీ కాదు. ఆ ఊపు, అంటే గమకం, పలకదన్న కారణంతోనే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది, 1971లో గానీ మళ్లీ తలుపు తీయలేదు. ఆ కాలమంతా మన ఊళ్లలో పద్యనాటకాలు హార్మోనియం మీదే నడిచాయి. రేడియో వద్దన్న పెట్టెను నాటకాల రాయుళ్లు నెత్తిన పెట్టుకున్నారు. చెన్నైలో కీబోర్డు సత్యనారాయణన్ అని ఒక కళాకారుడు ఉన్నారు. ఎడమవైపు ఉండే, స్వరాన్ని వంచే చక్రాన్ని తిప్పుతూ కీబోర్డు మీదే కర్ణాటక కచేరీలు చేస్తారు. కాబట్టి అసాధ్యం అనను. కానీ ఆ చక్రాన్ని ఎంత తిప్పాలో చెప్పేది చెవి. ఆ చెవిని కీబోర్డు తనంతట తాను తయారు చేయదు. నేను గమనించింది అదే: నాలుగు సెకన్లలో 'పా' పట్టుకున్న అమ్మాయి దాన్ని కళ్లతో వెతికింది.

వీణ దగ్గరికి వెళ్లాం. ముందు ఒక మాట చెప్పాలి. మా జిల్లాలో వీణను చాలామంది చూసేది గాజు బీరువాలోనే. ఎవరికైనా సన్మానం జరిగితే శాలువాతో పాటు మూరెడు బొమ్మ వీణ చేతిలో పెడతారు. అది దుమ్ము పట్టి అక్కడే ఉంటుంది. అలాంటి ఇల్లు మాదీ ఒకటి. నిజం వీణ ఒళ్లోకి వచ్చేసరికి అమ్మాయి "ఇంత పెద్దదా!" అంది.

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు తరతరాలుగా వీటిని చేస్తున్నారు. గుండ్రటి కుండ, పొడుగాటి మెడలాంటి దండి విడివిడిగా చేసి అతికించరు, ఒకే పనస దుంగను తొలిచి చేస్తారు. ఏకాండి వీణ అంటారు. దండి మీద మైనంలో కూర్చిన ఇరవై నాలుగు మెట్లు, వాయించడానికి నాలుగు తీగలు, పక్కన తాళానికి మూడు. మెట్టు ఉంది కాబట్టి స్వరం ఎక్కడుందో కంటికి కనబడుతుంది. అదే మెట్టు మీద తీగను పక్కకు లాగితే పై స్వరాలు కూడా పలుకుతాయి. కీబోర్డులో ఉన్న గోడ ఇక్కడ లేదు. గమకం వేలి కిందే ఉంటుంది, ఎంత లాగాలన్నది నేర్చుకోవాలి. చిట్టిబాబు వీణ మీద కోకిలను కూయించారంటే ఆ లాగుడు చలవే.

'పా' పట్టుకోవడానికి అమ్మాయి మెట్లు లెక్కపెట్టింది. పట్టుకుంది. నేను "కొంచెం లాగి చూడు" అన్నాను. తీగ లాగగానే స్వరం పైకి జారింది, ఆమె కనుబొమలూ దానితోపాటే లేచాయి. కీబోర్డు దగ్గర ఆ ముఖం చూడలేదు. కాసేపటికి ఎడమ చేతి వేళ్ల చివర్లు ఎర్రబడ్డాయి, తీగ గీతలు పడ్డాయి. మొదటి రెండు నెలలు అది తప్పదు, తర్వాత చర్మం గట్టిపడుతుంది.

వీణతో చిక్కల్లా సంసారం. మంచి వీణ ధర, కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనే కీబోర్డు, వయొలిన్ రెండూ కలిపినా అందదు. ఎండకు మైనం మెత్తబడుతుంది, మెట్లు కదులుతాయి, కొన్నాళ్లకోసారి మేళం కట్టించాలి, అంటే మెట్లను మైనంలో మళ్లీ సరిగ్గా కూర్పించాలి. అందుకు మాకు చెన్నై పోవాల్సిన పని లేదు, బొబ్బిలి రెండు గంటల దారి. అది మా అదృష్టం. కానీ అక్క వాళ్ల రెండు గదుల ఇంట్లో, మంచానికీ కుట్టు మిషనుకూ మధ్య, నాలుగడుగుల వీణ ఎక్కడ పెడతారో నాకు తోచలేదు. ప్రతి వారం దాన్ని మోసుకుని పాసింజరు రైలు ఎక్కడం కూడా ఆలోచించాల్సిందే.

వయొలిన్ గురించి నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నాను. అయినా దాని తప్పులు దాచను. మొదటి ఆరు నెలలు ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా ఉండరు. నేను నేర్చుకునే రోజుల్లో నూతి గిలకకు నూనె వేయమని మా అమ్మ వంటింట్లోంచి కేక వేసింది. అది గిలక కాదు, నా సరళీ స్వరాలు. తీగల మీద లాగే కమాను కాస్త గట్టిగా నొక్కితే కీచుమంటుంది, తేలిగ్గా పట్టుకుంటే గాలి చప్పుడు వస్తుంది, వంకరగా లాగితే పక్క తీగ కూడా పలుకుతుంది. డిసెంబరు వార్షికోత్సవం మాట మరిచిపోవాల్సిందే. ఏ డిసెంబరు అన్నది అడగకూడదు.

ఇంతకూ వయొలిన్ మనది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వంటివారు దొరల బ్యాండు వాళ్ల దగ్గర చూసి తెచ్చుకున్నది. తెచ్చుకున్నాక నేల మీద కూర్చోబెట్టారు. కుడి మడమ మీద వయొలిన్ తల ఆనించి, రెండో కొసను ఎడమ ఛాతీకి తాకించి, తీగలను స-ప-స-పలకు బిగించారు. అన్నం తినే భంగిమలోనే వాయించే వాయిద్యం అయింది. అందుకే మనకు అచ్చి వచ్చింది.

దాని మెడ మీద మెట్లు లేవు, గీతలు లేవు. నల్లటి నున్నటి పలక, అంతే. కొందరు గురువులు మొదట్లో సన్నని టేపు ముక్కలు అంటిస్తారు, మా గురువు గారు అంటించనివ్వలేదు. వేలు నూలుపోగంత జరిగినా స్వరం చెడుతుంది. కీబోర్డులో స్వరం తయారుచేసినవాళ్లది. వీణలో సగం మేళం కట్టిన వడ్రంగిది, సగం నీది. వయొలిన్‌లో అపస్వరం పలికితే ఇంకొకరి మీదికి నెట్టడానికి వీల్లేదు. మూడింటికీ అసలు తేడా ఇదేనని నా లెక్క. ధర, బరువు, రణగొణ అన్నీ దీని తర్వాతే.

అమ్మాయి 'పా' కోసం వేలు జరిపింది. ఎక్కడ చూడాలో తెలియక ఒక నిమిషం అటూ ఇటూ చూసింది. తర్వాత తనంతట తానే కళ్లు మూసుకుంది. వేలు జారుతోంది, స్వరం కిందనుంచి పైకి పాకుతోంది, దాటిపోయింది, వెనక్కి వచ్చింది. శ్రుతి పెట్టెతో కలిసిన ఒక్క క్షణం గదిలో శబ్దం పెద్దదైనట్టు అనిపించింది. మళ్లీ జారిపోయింది. మొత్తం నాలుగు నిమిషాలు. కీబోర్డు మీద పట్టింది నాలుగు సెకన్లు.

కళ్ల మాట వచ్చింది కాబట్టి మా విజయనగరం సంగీత కళాశాల కథ చెప్పకుండా ఉండలేను. చాగంటి జోగారావు గారి చూపులేని కొడుక్కి సంగీతం నేర్పించాలన్న తలంపుతో మహారాజా విజయరామ గజపతిరాజు 1919లో దాన్ని పెట్టించారని చెబుతారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ నేర్చుకుందామని అక్కడికి వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడిని, వాయించగా విని, విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగానే తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు. ఆయనకూ చూపు బాగా తక్కువే. 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. పక్కవాద్యంగా కూర్చునే వయొలిన్‌ను ఒంటరిగా కచేరీ చేయించిన చేయి అది. ఘంటసాల ఆ కళాశాలలోనే చదివారు, అమ్మమ్మ పాడించుకునే పాటల సుశీల కూడా. ఈ సంగతి చెప్పినప్పుడు అమ్మాయి "సుశీల గారిది ఈ ఊరేనా!" అని రెండుసార్లు అడిగింది. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాదస్వరం, డోలు, నృత్యం ఇప్పటికీ నేర్పుతున్నారు. సర్టిఫికెట్ నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు.

ఫోనులో పాఠాలు చూసి నేర్చుకోవచ్చు కదా అని అక్క అడిగింది. కీబోర్డు అయితే కొంతదూరం వస్తుంది. వయొలిన్‌కు మాత్రం రాదు. మణికట్టు బిగుసుకుపోయిందని ఫోను చెప్పదు, ఆరు నెలలు తప్పుగా పట్టిన కమానును సరిచేయడానికి ఏడాది పడుతుంది. ఇదీ అనుభవమే.

ఎవరికి ఏది అని అడిగితే నేను ఇలా చెబుతాను. పాటలు కట్టాలని, నలుగురితో కలిసి వాయించాలని, త్వరగా ఫలితం చూడాలని ఉంటే కీబోర్డు తీసుకోండి, మొహమాటం అక్కర్లేదు. ఇంట్లో చోటు ఉండి, చేతిలో డబ్బు ఉండి, తప్పు చేస్తే బెదిరిపోయే పిల్ల అయితే వీణ. అది సగం దారి చూపిస్తుంది. మా అమ్మాయి పాటను ముక్కలుగా తిప్పి తిప్పి వినే రకం. ఆమెకు వయొలినే మేలు. కొనవద్దు, అటక మీదిది తీసుకెళ్లు, తీగలు నేను మార్పిస్తాను అన్నాను. అక్క ముఖం చిన్నబుచ్చుకుంది. డిసెంబరులో పాట పాడించు, అది ఎలాగూ వస్తుంది కదా అంటే కొంచెం తేరుకుంది.

ఆదివారం ఉదయం రైల్లో వచ్చి, గంటస్తంభం దగ్గర ఒక మాస్టారి ఇంట్లో పాఠం చెప్పించుకుని, మధ్యాహ్నానికి వెళ్లిపోతోంది. మూడో వారం అక్క ఫోను చేసింది. "ఇంకా స, ప దగ్గరే ఉంది. ఎదురింటావిడ రెండుసార్లు అడిగింది, ఇంట్లో ఏం జరుగుతోందని" అంది. ఫోను అమ్మాయికి ఇమ్మన్నాను.

"మామయ్యా, విను." కమాను చప్పుడు, ఒక 'సా', తర్వాత 'పా'.

"కొంచెం తగ్గింది" అన్నాను.

"తెలుసు, నువ్వు చెప్పకముందే తెలిసింది" అంది, ఫోను పక్కన పెట్టేసి మళ్లీ మొదలుపెట్టింది. ఫోను కట్ చేయడం మరిచిపోయినట్టుంది. నేనూ చేయలేదు.