మాడిసన్‌లో అయిదు రోజులు: హోటల్లో రెండు, వాడింట్లో మూడు

కాలేజీలో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్న స్నేహితుడు అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఉద్యోగం చేస్తూ ఆ రాష్ట్ర రాజధాని మాడిసన్‌లో స్థిరపడి పద్దెనిమిదేళ్లయింది. ఏటా రమ్మని పిలుస్తూనే ఉన్నాడు. మొన్న సెప్టెంబరు చివర్లో నేనూ మా ఆవిడా వెళ్లొచ్చాం.

షికాగో ఓహేర్‌లో దిగి కారు అద్దెకు తీసుకుందామనుకున్నాం. వాడు వద్దన్నాడు. వాన్ గాల్డర్ బస్సెక్కితే మూడున్నర గంటల్లో క్యాంపస్ దగ్గర దిగాం. అంత విమాన ప్రయాణం తర్వాత డ్రైవింగ్ టెన్షన్ లేకపోవడం ఎంత సుఖమో!

వాళ్లనెందుకు ఇబ్బంది పెట్టడమని మొదటి రెండు రాత్రులకు క్యాపిటల్ (రాష్ట్ర శాసనసభ) భవనం దగ్గర హోటల్ బుక్ చేశాను. అది పొరపాటైంది. ఆ శనివారం క్యాంప్ రాండల్ స్టేడియంలో యూనివర్సిటీ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. డెబ్బై అయిదు వేల మందికి పైగా పట్టే స్టేడియం అది. ఊరంతా ఎర్ర చొక్కాలే. గది అద్దె మామూలు రోజులకు రెట్టింపు. నాలుగింటికి ఇస్తామన్న గది అయిదున్నరకు ఇచ్చారు, పార్కింగ్‌కి వేరే డబ్బులని మా వాడు తన కారు పెట్టాకే చెప్పారు. ఈ ఊరికి వచ్చేవాళ్లు ముందు మ్యాచ్‌ల తేదీలు, మే నెల స్నాతకోత్సవం తేదీలు చూసుకుని బుక్ చేసుకోండి.

అయితే ఆ హోటల్ వల్ల ఒక మేలు జరిగింది. శనివారం పొద్దున్నే కిందికి దిగితే ఎదురుగా రైతుబజారు. 1972 నుంచి నడుస్తోంది. పండించినవాళ్లు, తయారుచేసినవాళ్లే అమ్మాలి, మధ్య దళారులుండరు. జనమంతా క్యాపిటల్ చుట్టూ అప్రదక్షిణంగా ఒకే దిక్కున నడుస్తారు, ఎదురెళితే ముందుకు సాగలేం. అక్కడ తాజా చీజ్ కర్డ్స్ (చీజ్ తయారీలో వచ్చే చిన్న ముద్దలు) తప్పకుండా తినండి. పంటి కింద కిచకిచమంటాయి. మర్నాటికి ఆ చప్పుడు తగ్గిపోతుంది, కాబట్టి దాచుకోకుండా అక్కడే తినేయాలి. క్యాపిటల్ లోపల చూడటానికి టికెట్ లేదు. గుమ్మటం కింద నిలబడి తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేదాకా కళ్లు తిప్పుకోలేం.

ఆదివారం వాడే వచ్చి పెట్టెలు కార్లో పడేశాడు. "మా ఇల్లుండగా హోటలేంట్రా నీకు?" అన్నాడు. వాళ్లావిడ "అన్నయ్యగారూ, ఈసారి ఇలా చేస్తే మాట్లాడను" అంది. నిజంగానే బాధపడింది. నాకు సిగ్గేసింది.

వాళ్లిల్లు ఊరికి పడమటి వైపు. కారు లేకపోతే కాస్త కష్టమే. బస్సులున్నాయి గానీ ఆదివారం చాలాసేపు చూడాలి. ఆల్‌బ్రిక్ తోట, సరస్సు ఒడ్డున ఉన్న మోనోనా టెర్రస్ సమావేశ భవనం ఒక పూటలో చూసేశాం. రెండూ బాగున్నాయి. తోటలో థాయ్ మంటపం దగ్గర కాసేపు కూర్చోవచ్చు.

నాకు మాత్రం యూనివర్సిటీ విద్యార్థుల కూడలి మెమోరియల్ యూనియన్ టెర్రస్సే ఈ ఊరి గుండెకాయ. ముందు మెండోటా సరస్సు, గట్టున ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల ఇనుప కుర్చీలు. కుర్చీ వెనకభాగం ఉదయించే సూర్యుడి కిరణాల్లా ఉంటుంది. యూనివర్సిటీ పాల డెయిరీలో చేసిన బాబ్‌కాక్ ఐస్‌క్రీమ్ తింటూ సాయంత్రమంతా అక్కడే కూర్చున్నాం. వచ్చిన కొత్తలో ఎవరూ తెలియక రోజూ ఇక్కడికే వచ్చేవాణ్ణని వాడు చెప్పాడు. అప్పట్లో ఫోన్లో ఎప్పుడూ అనలేదు ఆ మాట.

సోమవారం యూనివర్సిటీ మెమోరియల్ లైబ్రరీకి తీసుకెళ్లాడు. ఫోటో ఐడీ చూపిస్తే మాకు పాసులిచ్చారు. ఇరుకైన అరల మధ్య లైటు వేస్తే వరసగా తెలుగు పుస్తకాలు! పీఎల్-480 అనే అమెరికా ఆహార సహాయ చట్టం కింద మనకిచ్చిన గోధుమలకు భారత్ రూపాయల్లో డబ్బు కట్టేది. అందులో కొంత పెట్టి అమెరికా 1960లలో మన భాషల పుస్తకాలు కొని తన యూనివర్సిటీలకు పంపింది. వాటిలో విస్కాన్సిన్ కూడా ఉంది. తెలుగు సాహిత్య పండితులు వెల్చేరు నారాయణరావుగారు మూడు దశాబ్దాలకు పైగా ఇక్కడే పాఠాలు చెప్పారు. ఒక కథల పుస్తకం తీశాను. గట్టి గుడ్డ బైండు, లోపల గోధుమరంగుకి తిరిగిన కాగితం, తేదీల చీటీ మీద రెండే ముద్రలు. దాన్ని మళ్లీ అరలో పెట్టబుద్ధి కాలేదు. నా మొహం చూసి వాడు తన కార్డు మీద తీసుకున్నాడు.

తిరిగొచ్చే రోజు బస్సు దగ్గర వాళ్లావిడ "జనవరిలో రండి, సరస్సు గడ్డకట్టాక దాని మీద నడిపిస్తాం" అంది. మా ఆవిడ అప్పుడే సరేనంది. ఆ పుస్తకం ఇంకా వాడి దగ్గరే ఉంది. ఆదివారాలు ఫోన్ చేసి ఒక్కో కథ చదివి వినిపిస్తున్నాడు.