కారు దించాక ఎత్తు కుదరకపోతే: బుష్ సడలింపా, ప్యాడా, కాయిలోవరా – ఏది మేలు?

35 మి.మీ. దించుతాయని స్ప్రింగులు కొన్నారు. బిగించాక చూస్తే 20 మి.మీ. మాత్రమే దిగింది. లేదా ముందు బాగానే కూర్చుంది, వెనక ఇంకా లేచే ఉంది. లేదా ఒక పక్క వేలి మందం తక్కువ. ఈ మూడింటికీ గ్యారేజీల్లో వినిపించే మందులు నాలుగైదే: "కొన్నాళ్లు తిప్పండి, అదే కూర్చుంటుంది" అనడం, బుష్ (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు తొడుగు) బోల్టులు సడలించి మళ్లీ బిగించడం, స్ప్రింగుకు ప్యాడ్ పెట్టడం, ఒక చుట్టు కోసేయడం, అన్నీ తీసేసి కాయిలోవర్లు (మర తిప్పి ఎత్తు మార్చుకోగల స్ప్రింగు-షాకబ్జర్ జంటలు) వేయడం. ఖర్చులో వీటి మధ్య నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది. ఖరీదైనదే మంచి మందు అనుకుంటే మాత్రం పొరపాటే.

ఇక్కడ చెప్పేదంతా ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జరూ ఒకే కాడగా ఉండేది), వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే దూలం) ఉన్న పోలో, స్విఫ్ట్, ఐ20 లాంటి కార్ల గురించి.

ముందు కొలత సంగతి

నేల నుంచి ఫెండర్ అంచుకు కొలిస్తే టైరులో గాలి, టైరు అరుగుదల కూడా లెక్కలో కలిసిపోతాయి. చక్రం నడిమధ్య నుంచి నిలువుగా ఫెండర్ అంచు దాకా కొలవండి. చదునైన నేల, డోర్ స్టిక్కర్ మీద ఉన్నంత గాలి, ఖాళీ డిక్కీ, లోపల ఎవరూ ఉండకూడదు. జాకీ దించగానే టేపు పట్టుకోకండి. గాల్లోంచి దిగిన టైర్లు పక్కకు జరగలేక కారును కాసేపు లేపే ఉంచుతాయి. ఐదారు మీటర్లు ముందుకీ వెనక్కీ దొర్లించి, నాలుగు మూలలా అదిమి వదిలాక కొలవాలి. స్ప్రింగు గట్టిదనం మి.మీ.కు 25 న్యూటన్లయితే, ఆ మూల మీద 25 కిలోలు పెరిగితే దాదాపు 10 మి.మీ. దిగుతుంది. డిక్కీలో ఒక పక్కన పెట్టిన సబ్‌వూఫర్ డబ్బాను మరిచిపోయి స్ప్రింగును తిట్టుకునేవాళ్లు తక్కువేమీ కాదు.

పాత స్ప్రింగులతో కొలత రాసిపెట్టుకున్నారా? లేకపోతే ఎడమ కుడి మధ్య 5 మి.మీ. తేడాను సమస్యగా లెక్కపెట్టకండి. కంపెనీ నుంచి వచ్చిన కారులోనూ అంత తేడా ఉండొచ్చు, ఫెండర్ బిగింపులోనే అది వచ్చి ఉండొచ్చు.

ఆగడమా, సడలించి బిగించడమా?

మంచి కంపెనీ స్ప్రింగును ఫ్యాక్టరీలోనే ఒకసారి పూర్తిగా అదిమి వదులుతారు. కాబట్టి రోడ్డు మీద అది కుంగేది కొద్ది మిల్లీమీటర్లే. రబ్బరు సీట్లు, టాప్ మౌంటులు (స్ట్రట్ పై కొనను బాడీకి పట్టి ఉంచేవి) సర్దుకోవడం కూడా కలుపుకుంటే కొన్ని వందల కిలోమీటర్లు చూడటంలో తప్పులేదు. కానీ 15 మి.మీ. తేడా ఎన్ని వేల కిలోమీటర్లు తిప్పినా తగ్గదు. ఆగడం వల్ల జరిగే నష్టం వేరే ఉంది: తప్పుగా బిగించిన బుష్ ఈలోపు చిరిగిపోతుంది.

లోయర్ ఆర్మ్ (ముందు చక్రాన్ని కింద నుంచి ఫ్రేముకు కలిపే చేయి) బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం ఫ్రేముకు పట్టేస్తుంది, ఆర్మ్ ఆడినప్పుడల్లా రబ్బరే మెలిపడాలి. చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగిస్తే ఆ వేలాడే స్థితే రబ్బరుకు సహజస్థితి అవుతుంది. కారు కిందికి దించాక రబ్బరు మెలితిరిగి పైకి తోస్తూనే ఉంటుంది. పాత బుష్‌లే ఉన్నా, బోల్టులు ముట్టుకోకపోయినా అవి పాత ఎత్తుకు బిగించినవే కదా! వెనక బీమ్ బుష్‌లకూ ఇదే వర్తిస్తుంది. వెనక భాగం దిగలేదంటే మొదట అనుమానించాల్సింది వాటినే.

పని పెద్దదేం కాదు. కారు నాలుగు చక్రాల మీద ఉండాలి. పిట్ మీదో, చక్రాలతోనే ఎత్తే నాలుగు స్తంభాల లిఫ్ట్ మీదో పెట్టండి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరవద్దు. లోయర్ ఆర్మ్ బోల్టులు, బీమ్ బోల్టులు లోపలి గొట్టం కదిలేంత మేరకే సడలించాలి. కారును కొద్దిగా దొర్లించి, అదిమి వదిలి, ఆ ఎత్తులోనే టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) బిగించాలి. ఫోక్స్‌వ్యాగన్ కార్లలో చాలా చోట్ల ఇంత టార్క్, ఆపైన ఇన్ని డిగ్రీలు తిప్పాలని ఇస్తారు. ఆ బోల్టులు సాగే రకం, కొత్తవి వేయాలి. ఈ పనికయ్యేది ఆ బోల్టుల ధర, గంటన్నర కూలి. మిగతా మందుల్లో ఏది ఎంచుకున్నా దీన్ని దాటేసి వెళ్లకూడదు.

అదే గంటలో ఇవీ చూసేయండి. స్ప్రింగు చివర కింది సీటులోని మెట్టుకు ఆనుకుని ఉందా? మెట్టు మీదికెక్కి కూర్చుంటే ఆ మూల లేస్తుంది, స్టీరింగ్ తిప్పితే టక్కున శబ్దం వస్తుంది. స్ప్రింగు మీది అక్షరాలు తలకిందులుగా ఉంటే స్ప్రింగే తిరగేసి పెట్టారని అనుమానించాలి. స్ట్రట్ నకిల్ (చక్రాన్ని మోసే లోహపు దిమ్మ) లోపలికి దూరే రకమైతే అడుగు దాకా దిగిందా? బంప్ స్టాపర్ (షాకబ్జర్ చివరిదాకా దిగి కొట్టుకోకుండా ఆపే రబ్బరు) కోయాలని కిట్ కాగితంలో ఉంటే కోశారా? కోయకపోతే కారు స్ప్రింగు మీద కాక దాని మీదే కూర్చుంటుంది: ఎత్తు తగ్గదు, ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. చివరగా పార్ట్ నంబరు. డీజిల్ ఇంజను బరువుకు చేసిన ముందు స్ప్రింగు పెట్రోల్ కారుకు వేస్తే ముక్కు దిగదు. అది ఏ సర్దుబాటుకూ లొంగదు, స్ప్రింగు మార్చుకోవాల్సిందే.

ప్యాడా, కోతా?

ఒక పక్కే దిగి ఉంటే మొదట వెనక స్ప్రింగులను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి చూడండి. టార్షన్ బీమ్ కార్లలో వెనక స్ప్రింగు షాకబ్జర్‌కు విడిగా ఉంటుంది. షాకబ్జర్ల కింది బోల్టులు విప్పి, బ్రేకు గొట్టాలు లాగబడకుండా బీమ్ దించితే చేత్తోనే బయటికొస్తుంది. దిగుడు స్ప్రింగుతో పాటు పక్క మారితే స్ప్రింగుదే లోపం, వారంటీ అడగండి. మారకపోతే స్టెబిలైజర్ బార్ (ఎడమ కుడి చక్రాలను కలిపి కారు ఒరగకుండా ఆపే కడ్డీ) లింక్ ఒక వైపు విప్పి, కారు చక్రాల మీద నిలబెట్టి చూడండి. అప్పుడు ఎత్తు సరిపోతే బారో లింకో తేడాగా ఉన్నట్టు.

ఇవన్నీ బాగుండి ఇంకా తేడా ఉంటే రబ్బరు లేదా పాలీయురేతేన్ ప్యాడ్ చవకైన, నమ్మదగిన మార్గం. ఒక లెక్క మాత్రం గుర్తుంచుకోవాలి. నాలుగు స్ప్రింగులూ సమానమనుకుంటే, ముందు ఎడమ మూలలో 5 మి.మీ. ప్యాడ్ పెడితే ఆ మూల లేచేది 3.75 మి.మీ.; ముందు కుడి, వెనక ఎడమ మూలలు 1.25 చొప్పున లేస్తాయి, వెనక కుడి మూల 1.25 దిగుతుంది. అంటే ఎడమ కుడి తేడా ముందూ వెనకా 2.5 మి.మీ. చొప్పునే మారింది, పైగా బరువు ఒక కర్ణం (ఎదురెదురు మూలల జత) మీదికి ఒరిగింది. కారు ఒక పక్కకు వాలితే ఆ పక్క ముందూ వెనకా ఒకే మందం ప్యాడ్లు పెట్టడం మేలు. 5 మి.మీ. పెడితే 5 మి.మీ. వస్తుంది, కర్ణం చెడదు.

చుట్టు కోయడం ప్యాడ్‌కు ప్రత్యామ్నాయమే కాదు. పనిచేసే చుట్టులు ఆరు ఉన్నచోట ఒకటి పోతే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది. కోసిన చివర సీటులో సరిగ్గా ఆనదు. చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు వదులై సీటు తప్పొచ్చు. గ్యాస్ మంటతో కోస్తే ఉక్కుకు ఉన్న పదును కూడా పోతుంది.

కాయిలోవర్ ఎప్పుడు?

షాకబ్జర్లు ఎలాగూ పోయి ఉంటేనో, ఎత్తును తరచూ మార్చుకోవాలనుకుంటేనో. ఎడమ కుడి 8 మి.మీ. తేడా సరిచేయడానికి మాత్రం ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. పైగా బుష్ తప్పుగా బిగించి ఉంటే కాయిలోవర్ కాలర్‌తో (ఎత్తు మార్చే మర చుట్టుతో) ఆ తప్పును కప్పిపుచ్చుతున్నట్టే.

కొనేటట్టయితే రకం చూసుకోండి. స్ప్రింగు సీటు మాత్రమే కదిలే రకంలో బాగా దించితే షాకబ్జర్ లోపలికి వెళ్లే దూరం తగ్గుతుంది, స్ప్రింగూ వదులవుతుంది. కింది భాగం విడిగా తిరిగే రకంలో ఆ దూరం మారదు. టార్షన్ బీమ్ కార్లకు వెనక వచ్చేది నిజానికి కాయిలోవర్ కాదు, స్ప్రింగుకు ఆనే మర సర్దుబాటు ముక్క మాత్రమే. మన వానాకాలపు బురద మరల్లో చేరి ఎండితే కాలర్ కదలదు. కడిగి, తుప్పు పట్టకుండా స్ప్రే కొడుతుండాలి.

ఇక ఎంత దించాలన్న మాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణంలో స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. వీధుల్లో కనిపించేవి చాలావరకు ఇంతకన్నా నిటారుగా ఉంటాయి. ఐదుగురు కూర్చున్నాక ఇంజను కింది భాగం వాటికి తగలకుండా దాటాలి. తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆధారంగా 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మళ్లీ అవే బిగించాల్సి రావొచ్చు, అందుకే పాత స్ప్రింగులు పారేయకండి.

ఎత్తు తేలాకే అలైన్‌మెంట్ చేయించండి. ముందే చేయిస్తే బుష్ సడలించిన రోజున టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగే కోణం) మళ్లీ మారుతుంది, రెండోసారి డబ్బు కట్టాలి. హెడ్‌లైట్ల వాలు కూడా అదే రోజు సరిచూడండి.