అలారమా, నోటుపుస్తకమా, మాత్రల పెట్టెనా: మతిమరుపుకు ఏది మేలు?

వయసు పైబడుతున్నకొద్దీ వచ్చే మరపు అంతా ఒక్క రకం కాదు. తాళాలు ఎక్కడ పెట్టామో తెలియకపోవడం ఒకటి. పెట్టేటప్పుడు ధ్యాస మరోచోట ఉంది, కాబట్టి ఆ సంగతి మనసుకు ఎక్కనే లేదు. ఎదురుగా నిలబడ్డ మనిషి పేరు నాలుక చివరే ఆగిపోవడం ఇంకొకటి. పేరు లోపల ఉంది, బయటికి రావడమే లేదు. సాయంత్రం ఆరింటి మాత్ర ఎనిమిదింటికి గుర్తుకు రావడం మూడోది. ఏం చేయాలో బాగా తెలుసు, ఆ వేళకు తట్టలేదంతే. ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదానికి పనికిరాదు. అన్నిటికీ ఫోనే మందు అనుకుని విసిగిపోయేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే పొరపడుతున్నారు.

వేళకు చేయాల్సిన పనులకు అలారమా, నోటుపుస్తకమా? పుస్తకం మిమ్మల్ని పిలవదు, దాన్ని చూడాలన్న సంగతి కూడా మీరే గుర్తుపెట్టుకోవాలి. అలారం పిలుస్తుంది. కానీ అది దెబ్బతినేది మోగిన తర్వాతే. మోగింది, ఆపాం, "చేతిలో పని ముగించి లేద్దాం" అనుకున్నాం. ఆ కాసేపట్లో అసలు పని జారిపోతుంది. మనసు ఒక్కసారి పట్టి ఉంచగలిగేది సుమారు నాలుగు సంగతులనే, కొత్తది వస్తే పాతది పక్కకు తప్పుకోవాల్సిందే. అందుకే ఒక్క నియమం గట్టిగా పెట్టుకోవాలి: పని అయ్యేదాకా అలారం ఆపకూడదు. మోగుతున్న ఫోన్ చేత్తో పట్టుకునే మాత్రల దగ్గరికి నడవండి, మింగాక ఆపండి. అప్పటికప్పుడు లేవలేకపోతే పూర్తిగా ఆపకుండా పది నిమిషాలకు వాయిదా వేయండి.

ఇంకో రెండు సంగతులు. అలారానికి పేరు పెట్టండి, అదీ క్రియతో: "మాత్ర" అని కాదు, "బీపీ మాత్ర వేసుకో" అని. రెండోది శబ్దం. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందుగా పోయేది సన్నని, కీచు స్వరాలే. సన్నగా గంట కొట్టినట్టుండే అలారం పక్క గదిలోని ముసలాయనకు వినపడకపోవచ్చు. మందంగా, దిగువ స్థాయిలో మోగే శబ్దం ఎంచుకుని వైబ్రేషన్ కూడా పెట్టాలి. అలారాలు రోజుకు మూడు నాలుగు మించకుండా చూసుకోండి. పది పెడితే చెయ్యి అలవాటుగా ఆపేస్తుంది, మనసు వినదు.

అయితే అలారం, పుస్తకం రెండింటికన్నా మేలైన మూడో దారి ఉంది: పనిని గడియారానికి కాకుండా రోజూ తప్పక చేసే మరో పనికి కట్టడం. "రాత్రి తొమ్మిదింటికి మాత్ర" అనుకోవడంకన్నా "పళ్లు తోముకోగానే, బ్రష్ దాని చోట పెట్టేముందు మాత్ర" అనుకోవడం బాగా పనిచేస్తుంది. "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అనే ఈ పద్ధతి గురించి మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో వివరంగా రాశారు. గడియారాన్ని మనం కనిపెట్టి ఉండాలి, బ్రష్ మాత్రం దానంతటదే చేతికొస్తుంది. పెద్ద వయసులో ఈ తేడా మరింత తెలుస్తుంది. మందు ఖాళీ కడుపున వేసుకోవాలా, తిన్నాక వేసుకోవాలా అన్నది మాత్రం ముందే అడిగి, దానికి తగ్గ పనికే ముడిపెట్టాలి.

మరి పుస్తకం దేనికి? వేళ లేని సంగతులకు. డాక్టరును అడగాల్సినవి, ఎవరో చెప్పిన మాట, అప్పు ఇచ్చిన తేదీ. జేబులో పట్టే ఒకే ఒక్క పుస్తకం ఉండాలి, పెన్ను దానికే కట్టి ఉండాలి. చీటీల మీద రాస్తే చీటీ ఎక్కడుందో వెతకడం మరో పని. పేజీ పైన తేదీ వేసి, అయినవాటిని కొట్టేసి, మిగిలినవి రాత్రి పడుకునేముందు మర్నాటి పేజీలోకి ఎక్కించుకుంటే చాలు.

మాత్రల విషయంలో అలారంకన్నా గడుల పెట్టె మేలు. కారణం ఒకటే: "వేసుకో" అని అలారం చెబుతుంది, "వేసుకున్నావా లేదా" అన్నది పెట్టె చెబుతుంది. అనుమానంతో రెండోసారి మింగడం చాలా మందుల్లో ఒక పూట మానడంకన్నా ప్రమాదం. రోజుకు ఒక పూటే అయితే ఏడు గడులు, నాలుగు పూటలైతే ఇరవై ఎనిమిది. వారానికి ఒకే రోజున, డాక్టరు రాసిన మందుల చీటీ ఎదురుగా పెట్టుకుని నింపాలి. చీటీ మధ్యలో మారితే పెట్టె మొత్తం ఖాళీ చేసి మళ్లీ మొదటి నుంచి నింపాలి, పై నుంచి సర్దబోతే తప్పు దొర్లుతుంది. అన్ని మందులూ పెట్టెలోకి రావు. రక్తం గడ్డకట్టకుండా వాడే డబిగాట్రాన్‌కు తేమ పడదు, అసలు ప్యాక్‌లోనే ఉండాలి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ దాని సీసాలోనే ఉండాలి. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకునేది, పొరపాటున రోజూ గడుల్లో పడితే ప్రాణం మీదికొస్తుంది. ఒక పూట తప్పిందని తర్వాతి పూట రెండు వేసుకోకూడదు, ఏం చేయాలో ఫార్మసిస్టును అడగాలి.

తాళాలు, కళ్లజోడుకు ట్రాకరా (వస్తువుకు తగిలించి ఫోన్ నుంచి మోగించే చిన్న పరికరం), స్థిరమైన చోటా? మా ఓటు చోటుకే. బ్లూటూత్ ట్రాకర్ గోడల మధ్య కొద్ది మీటర్లే అందుతుంది, దానికి బ్యాటరీ మార్చుతుండాలి, పైగా దాన్ని మోగించడానికి ముందు ఫోన్ దొరకాలి. కళ్లజోడుకైతే తగిలించడమే కష్టం. చోటు పనిచేయాలంటే అది తలుపు దాటగానే చేయి చాపితే అందేలా, మూత లేకుండా ఉండాలి. సొరుగు తెరవాల్సి వస్తే "ప్రస్తుతానికి ఇక్కడ పెడదాం" మొదలవుతుంది. తప్పక వేరేచోట పెట్టాల్సి వస్తే "కళ్లజోడు కిటికీ మీద పెడుతున్నా" అని పైకి అనండి, ధ్యాస ఆ క్షణం అక్కడికి వస్తుంది. ముఖ్యమైన కాగితాలను "జాగ్రత్తగా" కొత్త చోట దాచడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఏదైనా పోయినప్పుడు మీరు మొట్టమొదట ఎక్కడ వెతికారో చూసుకోండి, ఇకపై దాని చోటు అదే.

పేర్లకు పుస్తకమూ, ఫోనూ ఎదుటివారి ముందు అక్కరకు రావు. కొత్త పేరు వినగానే ఒకసారి పలికి, నిమిషం ఆగి, తర్వాత ఐదు, పదిహేను నిమిషాలకు చూడకుండా గుర్తుచేసుకోవాలి. పదే పదే వినడంకన్నా ఇలా లోపలి నుంచి తోడుకోవడం వల్ల గట్టిగా నిలుస్తుంది. పాత పేరు రాకపోతే తప్పు పేరుతో కుస్తీ పట్టకుండా మాట మార్చేయండి, చాలాసార్లు కాసేపటికి అదే వస్తుంది. మొదటి అక్షరం దొరికినా మిగతాది లాక్కొస్తుంది.

మాత్రలతో జ్ఞాపకశక్తి పెంచుతామనేవాటికి డబ్బు పెట్టకండి. జింకో బైలోబా అనే చెట్టు ఆకుల సారాన్ని 75 ఏళ్లు దాటిన 3,069 మందిపై పరీక్షించారు, సగం మందికి రోజుకు 240 మిల్లీగ్రాములు, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు. 2008లో ఫలితం వచ్చింది: డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) రావడం తగ్గలేదు. ఫోన్‌లో మెదడు ఆటలు ఆడితే ముఖ్యంగా ఆ ఆటలోనే నైపుణ్యం పెరుగుతుంది. అంతకన్నా విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం మేలు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గవచ్చు. జలుబుకు, దురదకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, కొన్ని నిద్రమాత్రలు మరపును పెంచుతాయి. చీటీలో రాసినవాటిని సొంతంగా మానకుండా డాక్టరుతో మాట్లాడండి. నిద్రలో ఊపిరి ఆగడం, దిగులు, వినికిడి తగ్గడం కూడా మరపులా కనిపిస్తాయి.

తెలిసిన దారిలో తప్పిపోవడం, అడిగిన ప్రశ్నే కాసేపటికి మళ్లీ అడగడం, లెక్కలు చూసుకోలేకపోవడం జరుగుతుంటే ఉపాయాలతో సరిపెట్టకుండా డాక్టరును కలవాలి. గంటల్లో, రోజుల్లో ఉన్నట్టుండి అయోమయం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు వాడే మందులన్నీ, ఏ తేదీన ఏం జరిగిందో రాసిన పుస్తకం, రోజూ దగ్గరగా చూసే ఇంట్లో మనిషి వెంట ఉండాలి.