మెనూ పైన ఉంటే మేలా, ఎడమపక్కన ఉంటే మేలా?

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో డేటాబేస్ మారుద్దామంటే నలుగురు మాట్లాడతారు. మెనూ జరుపుదామంటే ప్రాజెక్టులో ఉన్నవాళ్లంతా మాట్లాడతారు. రోజూ కంటికి కనిపించేది కదా, ప్రతివాళ్లకీ ఒక అభిప్రాయం ఉంటుంది. కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగలిగే ఓపెన్ సోర్స్‌లో ఈ తగువు మరీ సాగుతుంది. కంపెనీలో అయితే పైవాళ్లు ఒకరు తేల్చేస్తారు, ఇక్కడ పదిమందిని ఒప్పిస్తేగానీ ముందుకు కదలదు.

పెద్ద ప్రాజెక్టులు ఏం చేశాయో చూస్తే తమాషాగా ఉంటుంది. వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్లయిన వర్డ్‌ప్రెస్ 2008లో, జూమ్లా 2021లో తమ నిర్వహణ మెనూను పైనుంచి ఎడమపక్కకు తెచ్చాయి. అలాంటిదే అయిన డ్రూపల్ 2024లో అదే దారి పట్టింది. ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్ మూడిల్ మాత్రం 2022లో ఎడమన ఉన్నదాన్ని పైకి ఎక్కించింది. నలుగురూ చెప్పిన కారణం ఒక్కటే, సులువు చేస్తున్నామని. నా లెక్కలో నలుగురూ సరిగ్గానే చేశారు. ఎందుకో చూద్దాం.

ముందు వర్డ్‌ప్రెస్. 2008 మార్చిలో వచ్చిన 2.5 వెర్షన్ రూపకల్పనలో హ్యాపీ కాగ్ అనే పేరున్న డిజైన్ సంస్థ పనిచేసింది. పైన అడ్డంగా నాలుగు పెద్ద మాటలు: రైట్ (రాయడం), మేనేజ్, డిజైన్, కామెంట్స్. కుడివైపు చిన్న అక్షరాల్లో సెట్టింగ్స్, ప్లగిన్స్, యూజర్స్. చూడ్డానికి శుభ్రంగానే ఉండేది, చిక్కంతా పని మొదలుపెట్టాకే. కొత్త పోస్టు రాయాలంటే రైట్‌లోకి వెళ్లాలి. నిన్న రాసిన పోస్టులో అచ్చుతప్పు దిద్దాలంటే మేనేజ్‌లోకి వెళ్లాలి. పేజీల సంగతీ అంతే. ఉన్న వస్తువు ఒకటే అయినా, చేసే పనిని బట్టి రెండు చోట్ల వెతుక్కోవాలి.

తర్వాత క్రేజీహార్స్ అనే ఒక నమూనా తయారుచేసి, మామూలు వాడుకరుల చేత పని చేయించి, వాళ్ల చూపు తెర మీద ఎక్కడెక్కడికి పోతోందో గమనించారు. తొమ్మిది నెలలు తిరక్కముందే, డిసెంబరులో 2.7 వచ్చింది. మెనూ ఎడమపక్కన నిలువుగా చేరింది: పోస్ట్స్, మీడియా, పేజెస్, కామెంట్స్, ఆ కింద అప్పియరెన్స్, ప్లగిన్స్, యూజర్స్, సెట్టింగ్స్. పోస్ట్స్ నొక్కితే పాతవి దిద్దడం, కొత్తది రాయడం, వర్గాలు, ట్యాగులు అన్నీ దాని కిందే. మెనూ పక్కకు జరిగిందని అందరికీ గుర్తుంది గానీ, అసలు మేలు చేసింది ఈ వరస మార్పు. పనుల పేర్లతో ఉన్న మెనూ వస్తువుల పేర్లతో వచ్చింది. ఈ సగం వదిలేసి, మెనూను ఎడమకు జరిపితే చాలనుకునే ప్రాజెక్టులకు పాత గందరగోళమే నిలువుగా కనిపిస్తుంది.

మరి ఆ వస్తువుల పేర్లను పైనే పెట్టొచ్చు కదా? మొదట్లో పెట్టొచ్చు, రెండేళ్ల తర్వాత కుదరదు. వర్డ్‌ప్రెస్‌లో ఏ ప్లగిన్ (అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాం) రాసేవాళ్లయినా ఒక ఫంక్షన్ పిలిచి మెనూలో తమ పేరు చేర్చుకోవచ్చు. దుకాణం ప్లగిన్ ఒకటి, ఫారాల ప్లగిన్ ఒకటి, బ్యాకప్‌కి ఒకటి. అడ్డపట్టీలో చోటు చూస్తుండగానే అయిపోతుంది, నిలువు పట్టీ కిందికి పెరుగుతూ పోతుంది. పైగా మన కాలేజీల్లో, ఆఫీసుల్లో 1366×768 తెర ఉన్న లాప్‌టాప్‌లు ఇప్పటికీ బోలెడు. అందులో ఎత్తు 768 పిక్సెళ్లే. బ్రౌజర్ ట్యాబులు, అడ్రసు పట్టీ, కింద టాస్క్‌బార్ పోగా మిగిలేదే తక్కువ, అందులో మళ్లీ రెండు వరసల మెనూ అంటే రాసుకునే చోటుకు కోత పడినట్టే. వర్డ్‌ప్రెస్ ఎడమ మెనూ వెడల్పు 160 పిక్సెళ్లు, ముడిస్తే 36. 1366లో 160 పోయినా పెద్దగా తెలీదు.

తెలుగులోకి అనువదించేవాళ్లకు ఇంకో కారణం తెలుసు. ఇంగ్లీషులో నాలుగైదు అక్షరాల్లో ఇమిడే మాట తెలుగులో ‘వాడుకరులు’ అయ్యేసరికి అడ్డపట్టీ నిండిపోతుంది. పట్టీ ఎత్తు బిగించేసి ఉంటే కింది ఒత్తులు తెగిపోతాయి కూడా. నిలువు మెనూలో పేరు పొడుగైతే రెండో వరసలోకి దిగుతుంది, అంతే. డెవలపర్లకు నా సలహా: పొడుగు చూడ్డానికి జర్మన్‌లో, ఎత్తు చూడ్డానికి తెలుగులో ఒకసారి మెనూ తెరిచి చూడండి. డిజైన్‌లో సగం లోపాలు అక్కడే బయటపడతాయి.

అలాగని ఎడమ మెనూకు తిప్పలు లేకపోలేదు. చోటుందంటే జనం వస్తారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు, ప్రతి ప్లగినూ పై వరసలో చోటు పట్టేస్తుంది. కొన్నేళ్లు నడిచిన సైటులో సెట్టింగ్స్ కోసం కిందికి స్క్రోల్ చేసుకుంటూ పోవాల్సిందే. జూమ్లా ఈ విషయంలో కాస్త గట్టిగా ఉంది. వెర్షన్ 3లో పైన ఉన్న మెనూలో ఎక్స్‌టెన్షన్స్ అని విడిగా ఒకటి ఉండేది. 2021 ఆగస్టులో వచ్చిన 4.0లో మెనూ ఎడమకు రావడంతోపాటు ఆ పేరు పోయింది, దానిలోని పనులు చాలావరకు సిస్టమ్ అనే పేజీలోకి వెళ్లాయి. పాతవాళ్లు మొదట వెతుక్కున్నారు, విసుక్కున్నారు కూడా. అయినా పై వరసలో పేర్లు తక్కువగా ఉండాలంటే ఎవరో ఒకరు ఇలా కత్తెర పట్టక తప్పదు.

ఇక మూడిల్. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్టిన్ డూజియామస్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ను వాడేవాళ్లలో ఎక్కువమంది నిర్వాహకులు కారు, విద్యార్థులు. తేడా అంతా అక్కడే ఉంది. విద్యార్థికి కావలసినవి ఎన్ని? నా కోర్సులు, ఈ వారం పాఠం, మార్కులు. 2016 డిసెంబరులో 3.2తో వచ్చిన బూస్ట్ థీమ్‌లో ఎడమన ఒక సొరుగు తెరుచుకునేది. అందులో డ్యాష్‌బోర్డు, క్యాలెండర్ లాంటి సైటు మొత్తానికి చెందిన లింకులూ, ఈ కోర్సులో పాల్గొనేవారు, మార్కులు, పాఠాల విభాగాలూ అన్నీ ఒకే వరసలో ఉండేవి. ఏది సైటుది, ఏది కోర్సుది అనేది తెలిసేది కాదు. టీచర్ల సెట్టింగులేమో కుడివైపు పళ్లచక్రం బొమ్మ వెనక.

2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.0 ఈ రెంటినీ విడదీసింది. పైన సైటు స్థాయివి: హోమ్, డ్యాష్‌బోర్డు, మై కోర్సెస్, నిర్వాహకులకైతే సైట్ అడ్మినిస్ట్రేషన్. కోర్సు పేరు కింద ఆ కోర్సుకే చెందిన ట్యాబులు. ఎడమపక్క పూర్తిగా పాఠాల సూచికకు వదిలేశారు. నాకు ఇందులో నచ్చింది ఇదే: ఎడమపక్క చోటు మెనూది కాదు, పాఠానిది అని తేల్చుకోవడం. వికీపీడియా కొత్త రూపం వెక్టర్ 2022 కూడా ఇలాగే ఆలోచించింది. వ్యాసంలోని విషయసూచిక ఎడమకు వచ్చింది, పాత పక్కపట్టీ ముడుచుకుంది, వేరే భాషల లింకులు వ్యాసం పేరు పక్కన బటన్‌లోకి వెళ్లాయి. ఇంగ్లీషు వ్యాసం నుంచి తెలుగు వ్యాసానికి దూకే అలవాటున్నవాళ్లకు ఆ బటన్ అలవాటు కావడానికి కొంత టైమ్ పట్టింది గానీ, కిందికి స్క్రోల్ చేసి భాష వెతుక్కునే బాధ తప్పింది.

మూడిల్ పద్ధతికి బలహీనత ‘మోర్’ అనే ట్యాబు. కోర్సులో ముందు వరసలో కనిపించేవి ఐదు, మిగతావి దాని కింద దాక్కుంటాయి. ప్రశ్నల బ్యాంకు కూడా అక్కడికే వెళ్లింది. విద్యార్థికి అది అసలే అక్కర్లేదు గానీ, పరీక్షల కాలంలో టీచర్ రోజంతా ఉండేది అందులోనే. తెర చిన్నదైనా, పేర్లు పొడుగైనా ఆ ఐదులో మరొకటి రెండు మోర్‌లోకి జారిపోతాయి. నిర్వాహకుల పేజీకి వస్తే అడ్డపట్టీ చేతులెత్తేస్తుంది. తొమ్మిది ట్యాబులు, ఒక్కోదాంట్లో బారెడు లింకుల జాబితా. అక్కడున్న సెర్చ్ పెట్టె ఒక్కటే అసలు మెనూ అనుకోవచ్చు.

నొక్కితేనే తెరుచుకునే మూడు గీతల మెనూ పెట్టేద్దాం, తెర ఖాళీగా ఉంటుంది అనేవాళ్లు ప్రతి ప్రాజెక్టులోనూ ఉంటారు. ఫోన్‌లో సరే, అక్కడ వేరే దారి లేదు. పెద్ద తెర మీద ఎందుకు? వాడుక సౌలభ్యాన్ని పరిశీలించే నీల్సన్ నార్మన్ గ్రూప్ 2016లో చేసిన పరిశీలనలో డెస్క్‌టాప్ మీద దాచిన మెనూను 27 శాతం సందర్భాల్లోనే వాడారు, కనిపించే మెనూను దాదాపు సగం సందర్భాల్లో వాడారు. ఖాళీగా కనిపించడం వేరు, సులువుగా ఉండడం వేరు.

కంట్రోల్, కె నొక్కితే తెరుచుకుని, పేరు టైప్ చేస్తే అక్కడికి తీసుకెళ్లే కమాండ్ పాలెట్ మోజు ఇప్పుడు బాగా ఉంది. వర్డ్‌ప్రెస్‌లో 2023లో 6.3తో సైట్ ఎడిటర్‌లోకి వచ్చింది, 6.9 నాటికి డ్యాష్‌బోర్డు అంతటికీ చేరింది. కోడ్ రాసేవాళ్లకు వరం. కానీ కావలసినదాని పేరు ముందే తెలిసుండాలి, ఆ పేరు ఇంటర్‌ఫేస్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో టైప్ చేయాల్సి రావచ్చు. పైన చెప్పిన వాటిలో దేనికైనా తోడుగా పనికొస్తుంది, వాటి బదులు కాదు.

ఇక రెండూ ఇచ్చేద్దాం, ఎవరి ఇష్టం వాళ్లది అనే రాజీ. డ్రూపల్ 8లో అదే జరిగింది, పైపట్టీ కింది మెనూను అడ్డంగానో నిలువుగానో పెట్టుకునే వీలుండేది. అయినా జనం అడ్మిన్ టూల్‌బార్ అనే విడి మాడ్యూల్ (డ్రూపల్‌లో ప్లగిన్ లాంటిది) తెచ్చి పెట్టుకున్నారు, ఎంతగా అంటే డ్రూపల్ మాడ్యూళ్లలో బాగా వాడేవాటిలో అది ఒకటైంది. అందరూ ఒకే అతుకు వేసుకుంటున్నారంటే లోపం బట్టలోనే ఉందన్నమాట. 2024 జూన్‌లో 10.3తో ఎడమపక్క నేవిగేషన్ ప్రయోగాత్మకంగా వచ్చింది. రాజీ వల్ల ఇంకో నష్టం, సహాయం పేజీ రాసేవాళ్లు ప్రతిచోటా ‘ఎడమన లేదా పైన’ అని రాసుకోవాలి.

నన్నడిగితే, మెనూలోకి పేర్లు చేర్చే హక్కు బయటివాళ్లకు ఉన్నప్పుడు ఎడమపక్కే మేలు. పై వరసను మాత్రం ప్రాజెక్టు చేతిలోనే ఉంచుకుని, ప్లగిన్లను ఒక శీర్షిక కిందికి పంపాలి. పేర్లు ఐదారుకు మించవని ఖాయంగా తెలిసి, ఎడమన పాఠమో విషయసూచికో ఉండాల్సిన సాఫ్ట్‌వేర్ అయితే పైనే పెట్టండి. రెంటికీ మధ్య ఊగిసలాడుతుంటే ఎడమకే నా ఓటు, ఎందుకంటే ఐదుతో ఆగిన మెనూను నేనింతవరకూ చూడలేదు.

ఎటు జరిపినా పేజీల అడ్రసులు మాత్రం ముట్టుకోకండి. 2.5 నుంచి 2.7కి మెనూ అంతా తలకిందులైనా, వర్డ్‌ప్రెస్‌లో పోస్టుల జాబితా ఎడిట్ డాట్ పీహెచ్‌పీ లోనే, కొత్త పోస్టు పోస్ట్-న్యూ డాట్ పీహెచ్‌పీ లోనే ఉండిపోయాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. పాత బుక్‌మార్క్ పనిచేస్తే వాడేవాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది. మిగతా సగం ఫిర్యాదులు రెండు మూడు రిలీజుల దాకా ఎలాగూ వస్తూనే ఉంటాయి.